నాలుగు వీధుల కూడలిలో పాత దీపస్తంభము

ఈ వార్షిక సంచికలో ఏటేట తల్లిదండ్రుల కొరకు మేమొక వ్యాసము వ్రాయుచున్నాము. హాజరును గూర్చియు, పరీక్షలను గూర్చియు చెప్పవలసినది సభలలో చెప్పుచునే యున్నాము గనుక ఈ పర్యాయము వేరొక విషయము నెత్తుకొనుచున్నాము. అది ఈ ముంబయి నగరపు వీధి కూడలులలో అక్కడక్కడ మిగిలియున్న పాత దీపస్తంభము. ఇదియు నొక పాఠమా యని నవ్వవలదు. గత విద్యాసంవత్సరమున ఆరవ తరగతి బాలుడొకడు అట్టి స్తంభమును చూపి యొక ప్రశ్న యడుగగా మేము తప్పు సమాధానము చెప్పితిమి. ఆ తప్పును దిద్దినది పుస్తకము కాదు, పండితుడును కాడు. ఆ బాలుని తాతగారు. అందువలననే ఈ పాఠము పిల్లలకు గాక పెద్దలకు వ్రాయుచున్నాము.

జరిగినది యిది. శీతకాలమున ఆరు, ఏడు తరగతుల పిల్లలను వెంటబెట్టుకొని క్రాఫర్డ్ మార్కెట్టు నుండి ఫ్లోరా ఫౌంటెన్ వరకు నడిచితిమి. గొప్ప భవనములను చూపి వాని చరిత్ర చెప్పవలెనని మా సంకల్పము. పిల్లలు భవనములను ఒక్కసారి తలయెత్తి చూచి దించుకొనిరి. ఒక చిన్న వీధి పెద్ద వీధిలో కలియుచోట మాత్రము ఒక బాలుడు కదలక నిలిచిపోయెను. అచట మూలమీద ఒక పోత ఇనుప స్తంభము గలదు. రెండు నిలువుల యెత్తుండును. దాని పీఠము ఎనిమిది పలకలుగా నున్నది. ఆ పలకలలో నొకదానికి చిన్న తలుపున్నది. పీఠముపైన కంబము నిలువునా గాడులు తీరి యున్నది. పైకొసను మన గుడి స్తంభములకు వలె ఆకుల మొగ్గయున్నది. ఆ మొగ్గకు కొంచెము దిగువగా ఇరుప్రక్కలకును మూరెడేసి చాచిన ఒక అడ్డకమ్మియు, దాని కొసలకు గుండ్రని బుడిపెలును గలవు. నెత్తిన ఉండవలసిన పాత లాంతరు లేదు. వంగిన గొట్టమొకటి తగిలించి దానికి నేటి విద్యుద్దీపమును బిగించిరి.

“సార్, ఈ స్తంభానికి చేతులెందుకు?” అని బాలుడడిగెను.

“అలంకారము నాయనా! పండుగలలో జెండాలును తోరణములును కట్టుటకు పెట్టినవి” అని మేము వెంటనే చెప్పితిమి. ఆలోచింపక చెప్పితిమి. ముప్పది యేండ్లు పాఠములు చెప్పిన నోటికి “తెలియదు” అను మాట తొందరగా రాదు. ఇది మా వృత్తిలోని పాత జబ్బు. బాలుడు మారు మాటాడలేదు గాని తృప్తిపడినట్లును కనబడలేదు. నోటు పుస్తకము తీసి ఆ స్తంభము బొమ్మను గీచుకొనెను. పీఠము మీది అక్షరములపై కాగితము పరచి పెన్సిలుతో రుద్ది అచ్చు కూడ తీసికొనెను.

మూడవనాడు అతని తాతగారు పాఠశాలకు వచ్చిరి. వారు చిన్ననాడే తెలంగాణము నుండి యీ నగరమునకు వచ్చి, గోడలకును ఇనుప పనులకును రంగులు వేయు వృత్తిలో జీవితమంతయు గడపినవారు. చదువుకొనలేదు. మనుమని నోటు పుస్తకము చేతబట్టుకొని, గుమ్మము కడనే నిలిచి, చాల మర్యాదగా ఇట్లనిరి:

“సారూ, పోరడు ఇంటికొచ్చి గీ బొమ్మ చూపెట్టిండు. జెండాలు కట్టెటందుకని మీరు చెప్పిన్రట. తప్పుగ అనుకోవద్దు సారూ, గది నిచ్చెన ఆనిచ్చెటందుకు. నాకాల మీద ఖంబాలకు మేము రంగులేసినప్పుడు గా అడ్డకమ్మికే నిచ్చెన ఆనిచ్చి ఎక్కెటోళ్ళం. గుండ్రటి ఖంబానికి ఉత్తగ ఆనిస్తె నిచ్చెన జారిపోతది. గా కొసల బుడిపెలు లేవా? గవి నిచ్చెన పక్కకు పోకుండ ఆపుతయి.”

మేము ఆయనను కూర్చుండబెట్టి బొమ్మను మరల చూచితిమి. అంతకంటె స్పష్టమైన మాట లేదు. పిదప పుస్తకములు తిరుగవేయగా ఆయన చెప్పినదే నిజమని తేలెను. ఆ అడ్డకమ్మి గ్యాసు దీపముల కాలమునాటిది. ప్రతి సాయంకాలమును దీపము వెలిగించువాడు నిచ్చెన మోసికొని వచ్చి, దానిని ఆ కమ్మికి ఆనించి పైకెక్కెడివాడు. అద్దములు తుడుచుటకును, చెడిన భాగములు మార్చుటకును అదే త్రోవ. గ్యాసు పోయినది, నిచ్చెన మోయువాడును పోయినాడు. కమ్మి మాత్రము మిగిలినది. మరుసటి దినమున తరగతిలో మా తప్పును ఒప్పుకొని, తాతగారు చెప్పిన సమాధానమును నల్లబల్లపై వ్రాయించితిమి.

ఇక ఆ గ్యాసు సంగతి. నేడు మన వంటయిండ్లలో మండు గ్యాసు వేరు, నాటి వీధిదీపపు గ్యాసు వేరు. అది నేలబొగ్గు నుండి తీసినది; మన పెద్దలు దానిని రాక్షసిబొగ్గు అనెడివారు. ఆ బొగ్గును గాలి చొరని పాత్రలలో బెట్టి బయటినుండి తీవ్రముగా కాల్చినచో అది మండదు, ఆవిరి విడుచును. ఆ ఆవిరిని చల్లార్చి, కడిగి, తారును అమ్మోనియాను వేరుచేయగా మిగిలినది మండు వాయువు. పాత్రలో మిగిలినది కోకు. వాయువును పెద్ద ఇనుప తొట్లలో నిలువజేసి, నేలలో పాతిన గొట్టముల ద్వారా వీధులకు పంపెడివారు. ప్రతి స్తంభమును లోపల బోలుగా నుండుట అందుకే. నేలలోని గొట్టము నుండి సన్నని గొట్టమొకటి స్తంభము లోపలి నుండి నెత్తి వరకు పోవును. ఎండుగడ్డి కాడవలె ఆ ఇనుప కంబము బోలుదనము చేతనే బరువు తగ్గి, బలము చెడకుండ నిలిచినది.

ఈ విద్య ఇంగ్లండులో పుట్టినది. విలియం మర్డాక్ అను యంత్రజ్ఞుడు 1792లో తన యింటిని బొగ్గు గ్యాసుతో వెలిగించెను. 1807లో లండనులోని పాల్‌మాల్ వీధిలో గ్యాసు దీపములు వెలిగినవి. మన దేశమున కలకత్తా వీధులకు 1857లో వచ్చినవి. బొంబాయి వీధులకు ఇంకను ఎనిమిది సంవత్సరములు పట్టినది గాని, ఒక బొంబాయి వాని యింటికి చాల ముందే వచ్చినది. ఓడలు కట్టు వాడియా వంశమున పుట్టిన అర్దేశీర్ కర్సెట్జీ అను పారశీక యువకుడు 1834లో మజగాఁవ్‌లోని తన బంగళాను, తోటను తానే ఏర్పరచిన గ్యాసు దీపములతో వెలిగించెను. చూచుటకు గవర్నరే వచ్చెను. అప్పటికి అర్దేశీర్ వయస్సు ఇరువదియైదారేండ్లు. 1841లో లండను రాయల్ సొసైటీకి ఎన్నికయిన మొదటి భారతీయుడును ఇతడే. మన పిల్లలలో పలువురు మజగాఁవ్ మీదుగనే బడికి వచ్చుచున్నారు. ఈ పేరు వారికి చెప్పుడు.

బొంబాయి వీధులలో గ్యాసు దీపములు మొదట వెలిగినది 1865 అక్టోబరు 7వ తేదీన. ఎస్ప్లనేడ్ రోడ్డు, చర్చిగేటు వీధి, భేండీ బజారు — ఈ మూడును ఆనాడు దీపములు పొందిన తావులు. మొదటి రెండును నేటి మహాత్మా గాంధీ మార్గము, వీర్ నారిమన్ మార్గము. దీపము వెలిగించువారు ఒక స్తంభము నుండి మరియొక స్తంభమునకు పోవుచుండగా జనులు గుంపులుగా వారి వెంబడి నడచి నోరు మెదపక చూచిరట. వత్తి లేదు, నూనె లేదు; అగ్గి తాకించగానే గొట్టము కొసను వెలుగు పుట్టుచున్నది. అంతకుముందు నూనెదీపములను, చేతి లాంతరులను మాత్రమే ఎరిగినవారికి అది ఎంత వింతయో ఊహింపవచ్చును.

ఆ సంవత్సరమును కొంచెము నిలిచి చూడవలెను. అమెరికాలో అంతర్యుద్ధము జరిగిన 1861 నుండి 1865 వరకు అక్కడి ప్రత్తి ఇంగ్లండుకు రాలేదు. మన దేశపు ప్రత్తికి అపారమైన ధర పలికినది. బొంబాయిలో ధనము వరదవలె పారినది. షేర్ల పిచ్చి ముదిరినది. యుద్ధము ముగియగానే ధర పడిపోయెను. 1865 జూలై మొదటి తేదీన బజారు కూలి, లక్షాధికారులు వీధిన పడిరి. సుమారు మూడు నెలల పిదప గ్యాసు దీపములు వెలిగినవి. దివాలా తీసిన వర్తకులును, వారిని నమ్మి సొమ్ము పోగొట్టుకొన్న చిన్నవారును ఆ గుంపులో నుండియే యుందురు. నగరముల చరిత్రలో ఇట్టి విచిత్రములు గలవు: వీధి వెలిగిన యేడే ఇండ్లు చీకటియైనవి.

భేండీ బజారు పేరును గూర్చి ఒక చిన్నమాట. ఇంగ్లీషువారు బజారు వెనుక అను అర్థమున “బిహైండ్ ది బజార్” అనగా అది భేండీ బజారైనదని నగరమున అందరును చెప్పుదురు. మరాఠీలో భేండీ యనగా ఒక చెట్టు, మన గంగరావి. ఆ చెట్లవలన పేరు వచ్చెనని మరికొందరందురు. మాకు చెట్టు కథయే నచ్చినది. మన పల్లెలలో చింతలపాలెములును, రావిపాడులును ఎన్ని లేవు!

దీపములు వెలిగించువాని పనిని తక్కువగా చూడరాదు. ప్రొద్దు గ్రుంకువేళ మొదలిడి, చీకటి పడునప్పటికి తన వంతు వీధులన్నియు ముగింపవలెను. తెల్లవారుజామున మరల వచ్చి ఆర్పవలెను. వానకాలమున గాలికి దీపమారినచో మరల ఎక్కవలెను. ఖర్చు తగ్గించుటకు వెన్నెల రాత్రులలో దీపములు వెలిగింపని పట్టణములు దేశమున పలు గలవు. పంచాంగము చూచి పని చేసెడివారన్నమాట. మబ్బు పట్టిన పున్నమినాడు బాటసారి గతి ఏమో ఆ లెక్కలో చేరదు.

మొదటి గ్యాసు దీపము నేడు మనము తలచునంత ప్రకాశమైనది కాదు. గొట్టము కొసను చేపతోక వలె విప్పారిన పచ్చని మంట. సుమారు పది పదిహేను కొవ్వొత్తుల పాటి వెలుగు. దానిని మార్చినవాడు ఆస్ట్రియా దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు కార్ల్ ఆవర్ ఫాన్ వెల్స్‌బాహ్. 1885లో ఆయన మాంటిలు అను చిన్న సంచిని కనుగొనెను. 1891 నాటికి దాని పాళ్ళు కుదిరినవి: నూటికి తొంబదితొమ్మిది పాళ్ళు థోరియము, ఒక పాలు సీరియము. ఈ లోహముల లవణములలో నూలు జాలిని తడిపి ఆరబెట్టుదురు. మొదటిసారి మంట తగులగానే నూలు కాలిపోవును. లోహపు బూడిద మాత్రము అదే జాలి రూపమున నిలుచును. పిదప మంట వెలుగునీయదు, వేడినిచ్చును. ఆ వేడికి బూడిదయే తెల్లగా జ్వలించును.

ఈ మాట తరగతిలో చెప్పినప్పుడు పిల్లలకు ఎక్కలేదు. బూడిద వెలుగునా యని వారి సందేహము. మరల తాతగారే దిక్కైరి. ఈసారి మేమే పిలిపించితిమి. ఆయన తరగతిలో నిలుచుండి, తమ యూరిలో పెండ్లి ఊరేగింపులకును, భాగవతములకును గ్యాసుబత్తి ఎట్లు వెలిగించెడివారో చెప్పిరి. సిల్కు సంచివంటి మాంటిలును దారముతో ముడివేయుట. మొదట స్పిరిటు పోసి కాల్చుట. అది నల్లబడి, పిదప తెల్లని గుడ్డువలె నిలుచుట. తరువాత పంపు కొట్టుట. “గప్పుడు దాన్ని వేలుతోని ముట్టద్దు. ఊదితె గూడ రాలిపోతది. గదురు పడ్డదంటె గంతే, పెండ్లి చీకట్లనే!” అని ఆయన చేతులు త్రిప్పగా తరగతి యంతయు నవ్వెను. బూడిద వెలుగుననుట అప్పుడు వారికి అర్థమైనది. పెట్రోమాక్స్ అని మనమనునది అదే. బెర్లినులో మాక్స్ గ్రేట్స్ అను నాతని కంపెనీ దానిని చేసినది. పెట్రోలియమును, మాక్స్ అను పేరును కలిపిన మాట యది. తెలంగాణమున కిరసనాయిలును గ్యాసునూనె యనియు, ఈ దీపమును గ్యాసుబత్తి యనియు అనుట పొరపాటు కాదు. పంపు ఒత్తిడికి నూనె పైకెక్కి, వేడికి ఆవిరియై మండును, మండునది వాయువే. పల్లెవారి పేరు శాస్త్రమునకు దగ్గరగా నున్నది.

ఆ థోరియము దొరకు మోనజైటు ఇసుక తిరువాన్కూరు తీరమున విస్తారముగా కలదని 1909లో ఒక జర్మనీవాడు కనిపెట్టెను. కొబ్బరిపీచుకు అంటుకొని వచ్చిన ఇసుక వలన అది బయటపడినది. మన భీమునిపట్టణపు తీరములోను అట్టి ఇసుక గలదు.

దీపస్తంభములు కూడలులలోనే ఎందుకు వింతగను, పెద్దవిగను ఉండును? ఇందులకు ఇంటిలోనే చేయదగిన ఒక పరీక్ష గలదు. గది చీకటి చేసి, చేతి టార్చిని గోడకు ఒక మూర దూరమున పట్టి వెలుగు వలయమును చూడుడు. రెండు మూరల దూరమునకు జరుపుడు. వలయపు వెడల్పు రెండింతలగును. అనగా వైశాల్యము నాలుగింతలగును. ఉన్న వెలుగే నాలుగింతల చోటికి పంచబడినది గనుక వెలుగు నాలుగవ వంతయినది. మూడు మూరలయినచో తొమ్మిదవ వంతు. ఇరుకు వీధిలో ఒక చిన్న దీపము చాలును. నాలుగు వీధులు కలియుచోట వైశాల్యము పెద్దది, బండ్లు ఎదురెదురుగా వచ్చును, దీపము నేలకు దగ్గరగా పెట్టినచో ఒక ప్రక్కకే వెలుగు. కాబట్టి నడుమ పొడవైన స్తంభము నిలిపి దానికి రెండు, నాలుగు కొమ్మలు పెట్టి, కొమ్మకొక లాంతరు తగిలించిరి. ఎట్లును పెద్దది గదా యని దానికే ఆకులు, పువ్వులు, చేపలు, సింహముఖములు పోతపోసిరి. పోత ఇనుము వలన ఇది సులభమైనది: ఒకసారి అచ్చు చేసినచో ఎన్ని స్తంభములైనను అదే నగిషీతో వచ్చును. రాతిలో చెక్కినచో ప్రతిదానికిని మరల శిల్పి కావలెను.

ఈ వేడుకకు పరాకాష్ఠ చూడగోరువారు దూరము పోనక్కరలేదు. నాగ్‌పాడా దాటి భాయఖళా వద్ద రెండు ఫ్లైఓవరు వంతెనల నడుమ ఇరుకుకొని యున్న ఖడా పార్సీని చూడుడు. నలుబదియడుగుల యెత్తున పోత ఇనుప కంబముపై నిలిచిన పారశీక వర్తకుని విగ్రహము, మొదట మత్స్యకన్యలు. కర్సెట్జీ మానక్‌జీ అను తండ్రి జ్ఞాపకార్థము మానక్‌జీ కర్సెట్జీ అను కుమారుడు నిలిపినది. తండ్రి పేరును కుమారుని పేరును తలక్రిందులైనట్లుండుట చూచి పిల్లలు తికమక పడుదురు. పారశీకులు తండ్రి పేరును తమ పేరు వెనుక చేర్చుకొందురని చెప్పుడు. ఈ కుమారుడే 1863లో ఈ నగరమున బాలికలకు ఇంగ్లీషు పాఠశాల స్థాపించినవాడు.

విద్యుత్తు వచ్చిన కథ క్లుప్తముగా చెప్పెదము. 1882లో క్రాఫర్డ్ మార్కెట్టులో విద్యుద్దీపములు పెట్టిరి. పెట్టిన కంపెనీ మరుసటి యేడే మూతపడగా మార్కెట్టు మరల గ్యాసుకు దిగెను. 1905లో ట్రాములకును దీపములకును కలిపి ఒక కంపెనీ ఏర్పడెను. 1907 మే 7న విద్యుత్ ట్రాము నడిచెను. 1947 ఆగస్టులో ఆ సంస్థ నగర పురపాలకము వారి దయ్యెను. మనము బెస్టు అని పిలుచునది అదే. ట్రాములు 1964 మార్చి 31న ఆగిపోయినవి. స్తంభము గట్టిగానున్న చోట్ల దానిని పెరికివేయక, గ్యాసు గొట్టము పోయిన బోలులోనే విద్యుత్తు తీగెను పోనిచ్చిరి. మా బాలుడు చూచిన స్తంభమునకు ముసలి శరీరము, పడుచు తల ఉండుటకు ఇదియే కారణము. తరువాత పసుపుపచ్చని సోడియము దీపములు, ఇప్పుడు తెల్లని ఎల్.ఇ.డి.లు.

పిల్లలతో చూచువారికి ఒక హెచ్చరిక. ఫోర్టు ప్రాంతమున ఇటీవల పాతవానిని పోలిన క్రొత్త స్తంభములు కొన్ని నిలిపిరి. చూచుటకు ముచ్చటగనే యున్నవి గాని పాతవి కావు. పీఠమును పరికింపుడు. పాత పోతపై రంగు పొరలు పేరుకొని ఆకుల అంచులు మొద్దుబారి యుండును. అచ్చు రెండు భాగములు కలిసినచోట సన్నని గీత నిలువునా కనబడును. తరచుగా పోతశాల పేరుండును. క్రొత్తదానికి అడ్డకమ్మి యున్నను దానికి నిచ్చెన ఆనించినవాడు ఎన్నడును లేడు. అది నిజముగా అలంకారమే. మేము మొదట చెప్పిన సమాధానము దానికి సరిపోవును.

పోతశాల పేరు ఇనుముపై నున్నది. గుంటలు త్రవ్వినవారి పేర్లు, స్తంభములు మోసినవారి పేర్లు ఇనుముపై ఉండవు. ఈ మాట మనవారికి కొంచెము దగ్గరగా తగులును. నిజాము రాజ్యము నుండి వచ్చి ఈ నగరమున ఇండ్లు కట్టి, రోడ్లు వేసిన తెలుగు కూలివారిని కామాఠీలనిరి. వారు కాపురమున్న చోటు కామాఠీపురమయ్యెను. ఆ పేరును నేడు బయటివారు వేరు కారణమున ఎరుగుదురు. మన పిల్లలు కొందరు బయటి పోటీలకు పోయినపుడు చిరునామా వ్రాయవలసివచ్చినచో ముంబయి సెంట్రల్ అని వ్రాయుటను మేము చూచితిమి. వారిని మందలింపలేదు. మందలించుటకు నోరు రాలేదు. ఆ పేటను క్రొత్తగా కట్టు ప్రణాళికలు నడుచుచున్నవి. పాత ఇండ్లతో పాటు పేరును మారినచో అడుగువారుండరు. కామాటి యను మాటకు మన భాషలో పనివాడని యర్థము. నేటికిని ఆంధ్ర తెలంగాణములలో ప్రభుత్వ వసతిగృహములందు వంటవాడు, కాపలాదారుతో పాటు కామాటి యను ఉద్యోగము గలదు. ఒక నగరపు పటములో పనివాని పేరున ఒక పేట యుండుట సిగ్గుపడవలసిన సంగతి కాదని పిల్లలకు మేము చెప్పినదానికంటె ఇంటిలో మీరు చెప్పినచో ఎక్కువ తలకెక్కును.

“మాకు చదువు రాదు సార్, పిల్లలడిగితే ఏం చెబుతాము?” అని సభలలో మీరనుచుందురు. నిచ్చెన ఆనించిన చేయి యెరిగిన సంగతి మా పుస్తకములకు తరువాత తెలిసినది. పిల్లవాడు వీధిలో నిలిచి ఏదో చూపినపుడు “నడు, బస్సు పోతుంది” అని చేయి పట్టి లాగుట సహజము. మేమును మా పిల్లలను అట్లే లాగితిమి. వారమున కొకనాడైనను నిలువుడు. తెలిసినది తెలుగులో చెప్పుడు. తెలియనిది మాకు వ్రాసి పంపుడు, అందరము కలిసి వెదకుదము.

వేసవి సెలవులకు ముందు అదే మార్గమున పిల్లలను మరల తీసికొనిపోయితిమి. ఈసారి తాతగారును వచ్చిరి. నిచ్చెన ఆనించు విధమును ఆ స్తంభముకడనే చూపించెదమని ఆయన ఉత్సాహము. మూలకు చేరునప్పటికి రోడ్డు త్రవ్వి యుండెను. స్తంభము లేదు. క్రొత్త సిమెంటు నడుమ నాలుగు మరమేకులు, విరిగిన పీఠపు ముక్క యొకటి మిగిలియుండెను. లారీలో వేసికొని పోయిరని ఎదుటి దుకాణము వాడు చెప్పెను. ఎచటికో అతనికి తెలియదు. తాతగారు ఆ మేకుల ప్రక్కన కొంతసేపు నిలుచుండి, “దాని కింద ఇంకో ముప్పయి ఏండ్లు రంగు నిలుస్తుండె” అని మాత్రమనిరి.

బాలుడు పెన్సిలుతో రుద్ది తీసిన అక్షరముల కాగితము మాయొద్ద భద్రముగా నున్నది. దాని ప్రక్కన అతడు గీచిన బొమ్మను, తాతగారు చెప్పగా ఏడవ తరగతివారు వ్రాసిన వివరమును అద్దము కట్టించి కార్యాలయపు గోడకు తగిలించితిమి. ఇంతవరకు మన పిల్లలు ఇట్టి స్తంభములను పదునొకండింటిని గుర్తించి, ఎచట నున్నదియు, అడ్డకమ్మి యున్నదియు లేనిదియు ఒక పుస్తకమున వ్రాసినారు. మీ త్రోవలో ఎచటనైన కనబడినచో కూడలి పేరు చీటిమీద వ్రాసి పిల్లలచేత పంపగోరుచున్నాము.